కరెంటు పోయి వచ్చేలోపు

వేదిక మీద కీబోర్డా, ల్యాప్‌టాపా? పందిళ్ల దగ్గర, పెళ్లి మండపాల దగ్గర వాయించేవాళ్లని కదిపితే చాలు, ఈ సీజన్‌లో మాట అక్కడికే వెళ్తోంది

రాత్రి పదకొండు కావస్తోంది. వినాయకుడి పందిరి ముందు రోడ్డంతా జనమే. పట్టాలు పరుచుకుని కూర్చున్నవాళ్లు, బళ్ల మీద నుంచి దిగకుండానే వింటున్నవాళ్లు, ఎదురింటి మేడ మీద పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ ఆడవాళ్లు. ఎవరో చీటీ రాసి పంపిన పాత మెలోడీ మొదలైంది. పల్లవి అయిపోయింది. ఇక మొదటి బిట్: కాసేపు స్ట్రింగ్స్, ఆపైన వేణువు. స్ట్రింగ్స్ లేచాయి. వేణువాయన కళ్లు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. కరెంటు పోయింది.

జనరేటర్ దగ్గరున్న కుర్రాడు చురుకైనవాడు. పది సెకన్లు తిరక్కుండానే లైట్లు వెలిగాయి. తరవాత వేదిక మీద ఏం జరిగిందో నాకు బాగా గుర్తు. వారమంతా డెస్కు పని చేసుకుంటూ, సెలవు రాత్రుళ్లు ఆ ఆర్కెస్ట్రాలో రెండో కీబోర్డు వాయించేవాణ్ని.

మొదటి కీబోర్డు మా అన్నది. సొంత అన్న కాదు, ఆర్కెస్ట్రాలో అందరికీ అన్నే. ఆయన ముందున్నది ఉత్త మెట్ల పలక. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు అన్న కబురు మాత్రమే అందులోంచి ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. ధ్వని పుట్టేది ల్యాప్‌టాప్‌లో. అక్కణ్నుంచి సౌండ్ కార్డు గుండా మిక్సర్‌కి చేరుతుంది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి చీకట్లోనూ దాని తెర వెలుగుతూనే ఉంది. కానీ సౌండ్ కార్డుకి కరెంటు వచ్చేది గోడ ప్లగ్గు నుంచి. అది ఆరి, మళ్లీ వెలిగేసరికి సాఫ్ట్‌వేర్‌కి దాని ఆచూకీ దొరకలేదు. పరికరం కనపడటం లేదంటూ తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. అన్న మెనూలోకి వెళ్లి కార్డుని మళ్లీ ఎంచుకున్నాడు. స్ట్రింగ్స్ శాంపిళ్లు, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన ధ్వనులు, మొదటి నుంచీ లోడ్ కావడం మొదలుపెట్టాయి. ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకుతున్న నీలం గీతని చూస్తూ ఆయన చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

నా పాత కీబోర్డు పదిహేను సెకన్లలో లేచింది. ఆయన బిట్ కూడా నేనే అందుకుందామని వేళ్లు వేశాను. స్ట్రింగ్స్ రావలసిన చోట పియానో మోగింది. పైగా శ్రుతి తేడా. గాయని గొంతు కోసం ఆ పాటని ఒక మెట్టు దించి వాయిస్తున్నాం. పవర్ పోయి వస్తే టోన్ మొదటిదానికి, ట్రాన్స్‌పోజ్ సున్నాకి వెళ్లిపోతాయి. నా తలకి ఆ సంగతి తెలుసు, వేళ్లకి గుర్తు లేదు.

“అన్నా, శ్రుతి!” మైకు పక్కకి తిప్పి గాయని నాతో మెల్లగా అంది.

వేణువాయన మాత్రం చీకటి పడ్డప్పుడు ఆపలేదు, వెలుతురొచ్చాకా ఆపలేదు. మైకు లేని ఆ పది సెకన్లూ ముందు వరసలవాళ్లకైనా బిట్ వినిపించింది. అదీ సరైన శ్రుతిలో.

ఆ రాత్రి తరవాత కీబోర్డు గొప్పదా, ల్యాప్‌టాప్ గొప్పదా అన్న వాదనల్లో ‘దేని సౌండ్ బాగుంటుంది’ అన్న ముక్క వింటే సగం మాటే విన్నట్టు ఉంటుంది నాకు. ఇంట్లో వాయించుకునేవాళ్లకి అది సరైన ప్రశ్నే. వేదిక మీద అడగవలసింది వేరు: ఆగిపోతే ఎంతసేపట్లో తిరిగి వస్తుంది? వచ్చేటప్పుడు ఏం గుర్తుపెట్టుకుని వస్తుంది?

‘ప్యాచ్’ అనే మాట వెనక

టోన్‌ని మనవాళ్లు ‘ప్యాచ్’ అని కూడా అంటారు. తొలినాళ్ల సింథసైజర్లు గోడ బీరువాలంత ఉండేవి. ఒక ధ్వని కావాలంటే ఈ రంధ్రం నుంచి ఆ రంధ్రానికి వైర్లు గుచ్చాలి. అలా వైర్లు కలపడమే ప్యాచింగ్. వైర్లు పోయాయి, మాట మిగిలింది.

1970లో మినీమూగ్ వచ్చి సింథసైజర్లని బల్ల మీద పట్టేంతగా కుదించింది. దానికి జ్ఞాపకం మాత్రం లేదు. ఒక ధ్వని నుంచి ఇంకోదానికి మారాలంటే పాట మధ్యలోనే బిరడాలు తిప్పుకోవాలి. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 నలభై ధ్వనుల్ని దాచుకోగలిగింది. బటన్ నొక్కితే ధ్వని మారడం వేదిక మీద వాయించేవాడికి ఎంత పెద్ద వరమో, పాటకీ పాటకీ మధ్య రెండు నిమిషాలు కూడా దొరకని ఆర్కెస్ట్రా మనిషిని అడిగితే చెప్తాడు.

1983 జనవరిలో అమెరికాలోని ఒక వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డుల్ని ఒక వైరుతో కలిపారు. ఒకటి సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600, రెండోది రోలాండ్ వారి జూపిటర్-6. ఒకదాని మెట్లు నొక్కితే రెండోది కూడా పలికింది. మిడి అనే ఉమ్మడి భాష అలా లోకానికి తెలిసింది. దానికి దారి వేసిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషీలకి ముప్పై ఏళ్ల తరవాత, 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

నా దృష్టిలో ఇవాళ్టి చర్చ మొత్తం ఆ వైరులోనే పుట్టింది. అంతవరకూ నొక్కే మెట్టూ పలికే గొంతూ సాధారణంగా ఒకే ఒంట్లో ఉండేవి. మిడి వాటిని విడదీసింది. మెట్టు ఒకచోట, గొంతు ఇంకోచోట ఉండొచ్చని తేలాక, ఆ గొంతు ఏదో ఒక రోజు కంప్యూటర్లోకి మారక తప్పదు.

మన వేదికల దాకా

అసలు వాద్యం చోట మెట్లతో పని కానివ్వడం మనకి ఎప్పటి నుంచో ఉంది. పాముల పాట అనగానే దేశమంతటికీ గుర్తొచ్చే ‘నాగిన్’ సినిమా నాగస్వరం పాములవాడు ఊదింది కాదు. 1954లో హేమంత్ కుమార్ సంగీతంలో కల్యాణ్‌జీ దాన్ని క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద పలికించారు. ఈనాటికీ ఏ ఊరి వేదిక మీదైనా ఆ బిట్ అడిగితే కీబోర్డు మనిషే వాయించేది. అంటే అసలుని అసలు దగ్గరే వాయిస్తున్నట్టు!

1983లో వచ్చిన యమహా డీఎక్స్7, 1988 నాటి కోర్గ్ ఎం1 మద్రాసు స్టూడియోల్ని మార్చేశాయి. డీఎక్స్7 గంటల్లాంటి పియానో, ఎం1 స్ట్రింగ్స్ ఆ పదేళ్ల పాటల్లో వినపడని రోజు ఉండేది కాదు. అప్పట్లో కీబోర్డు అంటే ఇంటి ఆస్తి. సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ 1976లో చనిపోతే, ఆయన వదిలి వెళ్లిన వాద్యాల్ని అద్దెకిచ్చి ఆ కుటుంబం నెట్టుకొచ్చింది. ఆ ఇంటి కుర్రాడు దిలీప్ పెద్దయ్యాక రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. తరవాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. మణిశర్మ కూడా సంగీత దర్శకుడు కాకముందు కీబోర్డు ప్లేయరే. ఆ తరంలో పాట కట్టే కుర్చీకి కీబోర్డు బల్ల దగ్గరి దారి.

ఊళ్లలో ఆర్కెస్ట్రాలకి ఆ కీబోర్డులు మెల్లగా, చాలావరకు చేతులు మారి చేరాయి. ఒక కీబోర్డు కొంటే కొన్నవాడి పేరే మారిపోయేది. ‘కీబోర్డు ఫలానా’ అనే పిలిచేవారు. గుడ్డ కప్పి, పైన బొట్టు పెట్టి, దసరాకి పూజ చేసేవారు. మా అన్న ఇప్పటికీ చేస్తాడు. ల్యాప్‌టాప్‌కి కూడా ఒక బొట్టు పెడతాడు.

పాటే ల్యాప్‌టాప్‌లో పుడితే

1996లో జర్మనీలోని స్టైన్‌బర్గ్ కంపెనీ, సంగీత సాఫ్ట్‌వేర్‌కి బయటి హంగుల్ని తగిలించుకునే వీఎస్‌టీ అనే పద్ధతి తెచ్చింది. మూడేళ్లకి అందులో వాద్యాలు కూడా ఇమిడాయి. పెద్ద పియానోని మెట్టుమెట్టునా, రకరకాల బలంతో రికార్డు చేసి కంప్యూటర్లో పేర్చడం మొదలైంది. అంత పేరు తెచ్చుకున్న ఎం1 లోపల ధ్వనుల కోసం ఉన్న చోటు మొత్తం 4 మెగాబైట్లు. ఇవాళ ఒక్క పియానోకే పదుల గిగాబైట్లు పట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. 2007లో ఆపిల్ ‘మెయిన్‌స్టేజ్’ వచ్చింది. పాటల వరస ప్రకారం ధ్వనుల్ని పేర్చుకుని వేదిక మీద వాడుకోవడానికే తయారైన సాఫ్ట్‌వేర్ అది. తరవాత దాన్ని విడిగా 30 డాలర్లకి అమ్మారు.

సౌకర్యం చూసే మనవాళ్లు అటు వెళ్లారనుకుంటే పొరపాటు. వెళ్లక తప్పలేదు. సినిమా పాటే ల్యాప్‌టాప్‌లో తయారవుతోంది. పొద్దున ఫోన్లో విన్న పాట సాయంత్రం సంగీత్‌లో అచ్చం అలాగే మోగాలని పెళ్లివారు అడుగుతారు. ఆ పాటలో బేస్ ఒక సాఫ్ట్‌వేర్‌లోంచి పుట్టింది. పదేళ్ల నాటి కీబోర్డులో ఎంత వెతికినా అది దొరకదు. పాత మెలోడీకి కీబోర్డు చాలు. కొత్త మాస్ పాట దగ్గరికొచ్చేసరికి అదే కీబోర్డు బొమ్మ వాద్యంలా వినిపిస్తుంది. వినేవాళ్లు మొహమాటం లేకుండా ముఖం మీదే చెప్తారు.

> 112వ నంబరు షెహనాయ్
>
> ఏ కంపెనీ కీబోర్డైనా ఒకే వరసలో ధ్వనులు ఉండాలని 1991లో ‘జనరల్ మిడి’ జాబితా కట్టారు. మొత్తం 128 ధ్వనులు. 1వ నంబరు పియానో. మన వాద్యాల్లో చోటు దొరికింది రెండింటికే: 105 సితార్, 112 షెహనాయ్. వీణ లేదు, నాదస్వరం లేదు. పెళ్లి మండపంలో మంగళవాద్యం టోన్ అడిగితే చాలా ఏళ్లు మనవాళ్లు 112నే వాయించి సర్దుకున్నారు. తరవాత భారతీయ ధ్వనులతో ఇక్కడి మార్కెట్ కోసమే యమహా పీఎస్‌ఆర్-ఐ వరస లాంటి కీబోర్డులు వచ్చాయి.

పన్నెండు మిల్లీసెకన్ల దూరం

ల్యాప్‌టాప్ మీద వాయించేవాళ్లందరికీ తెలిసిన జబ్బు లేటెన్సీ. మెట్టు నొక్కిన క్షణానికీ మోత వినపడే క్షణానికీ మధ్య సందు. కంప్యూటర్ ధ్వనిని చుక్కచుక్కగా పంపదు, గిన్నె నింపి ఒంపుతుంది. ఆ గిన్నె పేరు బఫర్. సెకనుకి 44,100 నమూనాలు నడిచే చోట 128 నమూనాల గిన్నె పెడితే ఆలస్యం దాదాపు 3 మిల్లీసెకన్లు. 512 పెడితే దాదాపు 12. 1024 పెడితే 23 దాటుతుంది. కార్డు, వైర్లు కలిపే ఆలస్యం దీనికి అదనం.

గాలిలో ధ్వని ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లెక్కన 12 మిల్లీసెకన్లంటే స్పీకరుకి నాలుగు మీటర్ల అవతల నిలబడి వాయించినట్టు. ప్యాడ్ లాంటి సాగే ధ్వనికి అది తెలియదు. మృదంగంతో కలిసి పరుగెత్తే చరణంలో మాత్రం చెయ్యి ముందు, చెవి వెనక అవుతుంది. అప్పుడు వాయించేవాడు తెలియకుండానే తొందరపడతాడు, తాళం జారుతుంది, నింద మృదంగం మీద పడుతుంది.

గిన్నె చిన్నది పెట్టుకోవచ్చు కదా అంటే, చిన్న గిన్నెని ఎక్కువసార్లు నింపాలి. ప్రాసెసర్‌కి ఊపిరాడదు. నింపలేకపోయిన చోట చిటపటమని శబ్దం వస్తుంది. ఇక్కడే మన వాతావరణం అడ్డు తగులుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం షామియానా కింద ల్యాప్‌టాప్ పెట్టి చూడండి. వేడెక్కిన ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో రిహార్సల్‌లో హాయిగా నడిచిన అదే పాట అక్కడ చిటపటలాడుతుంది. చాలామంది సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. తప్పు ఎండది. మా అన్న ల్యాప్‌టాప్ కింద రెండు చెక్క ముక్కలు పెట్టి, పక్కన చిన్న బల్ల ఫ్యాను తిప్పుతాడు. చూడ్డానికి వడియాలు ఆరబెట్టినట్టుంటుంది గానీ పని చేస్తుంది.

గమకం దగ్గర ఇద్దరూ ఒకటే

1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని దూరం పెట్టింది. మెట్ల వాద్యం మీద గమకం పలకదన్నది అప్పటి ప్రధాన ఆక్షేపణ. పద్యనాటకాలకి ప్రాణం పోసిన హార్మోనియం రేడియోలో వినపడకపోవడం మన జిల్లాల్లో ఎందరినో బాధపెట్టింది. అయినా ఆక్షేపణలో నిజం ఉంది. మెట్టుకీ మెట్టుకీ నడుమ ఉన్న చోటులోనే మన రాగం ఉంటుంది.

కీబోర్డు ఆ నడిమి చోటుని ఎడమ చేతి కింద ఉండే పిచ్ చక్రానికి అప్పగించింది. మిడిలో ఆ చక్రం కదలికకి 16,384 మెట్లు ఉన్నాయి. గమకం సన్నగా జారడానికి అవి బాగానే సరిపోతాయి. కుడి చెయ్యి ‘రి’ మీద ఉండగా ఎడమ బొటనవేలు చక్రాన్ని చిన్నగా ఊపి వదలాలి. ఎంత ఊపాలో తెర మీద ఉండదు, చెవిలో ఉంటుంది. ఇది కీబోర్డుకైనా, ల్యాప్‌టాప్‌కైనా ఒకటే సాధన. ఒక్కో వేలి జారుడునీ విడిగా పంపే ఎంపీఈ పద్ధతి 2018లో ప్రమాణమైంది. రెహమాన్ వేదికల మీద వాయించే కంటిన్యూమ్‌లో మెట్లే ఉండవు, మెత్తటి పట్టీ మీద వేలు జారుతుంది. కానీ చవక మెట్ల పలక కొని, చక్రం చోట గీరే ప్లాస్టిక్ పట్టీ చూసి నిరాశపడ్డ కుర్రాళ్లని చాలామందిని చూశాను. ల్యాప్‌టాప్‌కి లక్ష పెట్టి, చేతి కింద ఉండేదానికి వేలల్లో ముగించడం నాకు మింగుడుపడదు. వాయించేది చెయ్యి. డబ్బు ముందు అక్కడే పెట్టాలి.

బరువు ఎవరి వీపు మీద

హామండ్ బీ-3 ఆర్గాన్ బల్ల, పెడళ్లతో కలిపి 180 కేజీల పైచిలుకు. దాన్ని లారీకెత్తిన తరం ముందు ఇవాళ్టి ఇరవై కేజీల కీబోర్డు ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ రాత్రి రెండింటికి కార్యక్రమం ముగించుకుని, ఆ ఇరవై కేజీలు, స్టాండు, వైర్ల సంచితో బస్టాండులో నిలబడితే లెక్క తేలుతుంది. నడుము పట్టేసి, ‘ఇక ల్యాప్‌టాప్ చాలు’ అన్నవాళ్లని తప్పుపట్టలేను.

నన్ను ఎక్కువగా బాధించేది ఇంకో బరువు. ల్యాప్‌టాప్ వచ్చాక, ‘వేణువు శాంపిల్ ఉంది కదా, మనిషెందుకు’ అనే మాట నిర్వాహకుల నోట వచ్చింది. పదిహేను మంది కూర్చునే వేదిక అయిదుగురికి కుదించుకుపోయింది. కీబోర్డులో కూడా వేణువు టోన్ ఉంది, కాదనను. కానీ అది అంత బాగుండేది కాదు కాబట్టి మనిషి బతికిపోయాడు. సాఫ్ట్‌వేర్ వేణువు బాగుంటుంది. అదే దాని ప్రమాదం.

దొంగ కాపీల సంగతీ చెప్పాలి. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారిన సాఫ్ట్‌వేర్‌తో వేదిక ఎక్కేవాళ్లు మనలో చాలామంది. డబ్బు లేక చేస్తారని తెలుసు. కానీ తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్ ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరికీ తెలియదు, మొరాయిస్తే అడిగే దిక్కు ఉండదు. ఉచితంగా, న్యాయంగా దొరికే పియానోలు, స్ట్రింగ్స్ ఇప్పుడు చాలానే ఉన్నాయి. పది మంచి ధ్వనులు చాలు ఒక రాత్రి నడవడానికి.

లోపల అదీ కంప్యూటరే

‘కీబోర్డు హ్యాంగ్ కాదు’ అని ఢంకా బజాయించేవాళ్లకి ఒక సంగతి. 2011లో వచ్చిన కోర్గ్ క్రోనోస్‌ని చాలామంది కీబోర్డుల్లో రాజు అన్నారు. డ్రీమ్ థియేటర్ అనే రాక్ బృందంలో కీబోర్డు వాయించే జోర్డాన్ రుడెస్ ఏళ్ల తరబడి ప్రధానంగా దాంతోనే వేదిక నడిపాడు. మూత తీస్తే లోపల ఇంటెల్ ప్రాసెసర్, దాని మీద లినక్స్. స్విచ్ వేశాక పాడటానికి సిద్ధమయ్యేసరికి రెండు నిమిషాలు. మన జనరేటర్ రాత్రుల్లో రెండు నిమిషాలంటే ఒక చరణం పోయినట్టే.

అయితే తేడా లేదా? ఉంది. ఆ కంప్యూటర్‌కి వాయించడం తప్ప ఇంకో పని లేదు. అప్‌డేట్ అడగదు, వాట్సాప్ మోగదు, పిల్లల ఆన్‌లైన్ క్లాసుకి పోదు. మా అన్న ల్యాప్‌టాప్‌లో పగలు కూతురు చదువుకుంటుంది. ఒకే యంత్రంతో ఇల్లూ వేదికా నడిపే మనుషులకి ‘సంగీతానికి విడిగా ఒకటి పెట్టుకో’ అనే సలహా చెప్పడం తేలిక.

పెద్ద వేదికలవాళ్లు ఒక యంత్రాన్ని నమ్మరు. బ్రాడ్‌వే సంగీత నాటకాల్లో కీబోర్డు వెనక రెండు కంప్యూటర్లు ఒకేసారి నడుస్తుంటాయి, ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది. మన ఆర్కెస్ట్రా మనిషి రెండు ల్యాప్‌టాప్‌లు కొనలేడు. నన్నడిగితే, సొంత గొంతు ఉన్న కీబోర్డు ఒకటి తప్పనిసరి. పాతదైనా సరే, రాత్రంతా ఒంటరిగా లాక్కురాగలిగింది కావాలి. ల్యాప్‌టాప్‌ని దాని మీద అలంకారంగా పెట్టుకోవాలి. ల్యాప్‌టాప్ ఆగితే పాట పలచబడాలి గానీ ఆగకూడదు.

> వేదిక ఎక్కేముందు
>
> కరెంటుని ల్యాప్‌టాప్ నుంచే తీసుకునే యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడితే లైన్ పోయినా అది బతికే ఉంటుంది. ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మంటే, మిక్సర్‌కి వెళ్లే దారిలో ఉండే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కి చూడండి. వైఫై ఆపెయ్యండి. పాట శ్రుతి, టోన్ నంబరు కాగితం మీద రాసి కీబోర్డుకి అంటించండి.

మొన్న మళ్లీ అన్న ఆర్కెస్ట్రా సౌండ్ చెక్‌కి వెళ్లాను. సాయంత్రం అయిదు, పందిరిలో కుర్చీలు ఇంకా వేస్తున్నారు. ల్యాప్‌టాప్ ఉంది. దాని కింద చెక్క ముక్కలు, బల్ల ఫ్యాను. దాని పక్కన, చాలా రోజులు మేడ మీద గదిలో దుమ్ము పట్టిన ఆయన పాత కీబోర్డు కూడా ఉంది. మెట్లు కొన్ని పసుపు రంగుకి తిరిగాయి. రెండూ మిక్సర్‌కి విడివిడి లైన్లతో వెళ్తున్నాయి.

పాట సగంలో ఉండగా అన్న వంగి, ఎవరికీ చెప్పకుండా తన వాద్యాలకి కరెంటిచ్చే ప్లగ్గు పీకేశాడు. సౌండాయన ఉలిక్కిపడి లేచాడు. అన్న ప్లగ్గు మళ్లీ గుచ్చి, వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సౌండ్ కార్డుకి కరెంటు ఇప్పుడు ల్యాప్‌టాప్ నుంచే కాబట్టి దాని ప్యాడ్ సన్నగా మోగుతూనే ఉంది. పన్నెండు దగ్గర పాత కీబోర్డు లైటు వెలిగింది. ఆయన ముందు మెట్టు నొక్కలేదు. అంటించిన కాగితం చూసి ట్రాన్స్‌పోజ్ ఒకటి దించాడు, టోన్ మార్చాడు, అప్పుడు వేళ్లు పెట్టాడు. స్ట్రింగ్స్ వచ్చాయి.

వేణువాయన అప్పటికే బిట్ సగం దాటాడు. మైకు లేకుండా.